పడావు భూముల్లో పాత పంటలు: జహీరాబాద్ మహిళా సంఘాల చరిత్ర

సంగారెడ్డి జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకుని జహీరాబాద్ ప్రాంతం ఉంది. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే పాత రహదారి దీని మధ్య నుంచే పోతుంది. ఆ దారికి రెండు పక్కలా ఉన్న సుమారు 75 ఊళ్లలో నాలుగు దశాబ్దాలుగా మహిళా సంఘాలు పనిచేస్తున్నాయి. సభ్యులు ఐదు వేల దాకా ఉంటారు. వారిలో ఎక్కువ మంది దళితులు, ఎకరా రెండెకరాల మెట్ట భూమి గలవారు. బడి మొహం చూడనివారే చాలా మంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అంటే డీడీఎస్, ఈ సంఘాలకు అండగా నిలిచిన సంస్థ. కూలి పని కోసం మొదలైన ఈ సంఘాలు క్రమంగా భూమిని, ధాన్యాన్ని, విత్తనాన్ని, చివరకు రేడియోను కూడా తమ చేతుల్లోకి తెచ్చుకున్నాయి. పేదల కోసం పథకాలు చాలా వచ్చాయి. పథకంలో ఏముండాలో పేదలే నిర్ణయించిన సందర్భాలు మాత్రం అరుదు. ఈ సంఘాల చరిత్రకు విలువ తెచ్చింది అదే.

నేల, కులం, కూలి

జహీరాబాద్ తాలూకా నిజాం కాలంలో బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్‌లో ఎక్కువ భాగం మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరి మెదక్ జిల్లాలో భాగమయ్యాయి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాయి. అందుకే ఇక్కడి జనం మాట్లాడే తెలుగులో కన్నడం, ఉర్దూ సహజంగా కలిసి ఉంటాయి.

ఇక్కడి నేలలో ఎక్కువ భాగం ఎర్ర చెలక. చాలా చోట్ల రాతి మొరం పైపైనే తగులుతుంది. కొన్ని ఊళ్లలో నల్లరేగడి కూడా ఉంది. సేద్యం వాన మీదే ఆధారం. బావి, బోరు వేయగలిగిన రైతులు చెరకు వేశారు. జహీరాబాద్ దగ్గరి చక్కెర కర్మాగారం వారికి ఆసరా అయింది. మిగతా వారివి జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, మినుము, అనుము, ఉలవ, కుసుమ వంటి మెట్ట పంటలు.

భూమి హక్కు కులాన్ని బట్టి నడిచింది. దళిత కుటుంబాల్లో చాలా మంది పటేళ్ల దగ్గర ఏడాది జీతానికి ఉండేవారు. పెళ్లికో, జబ్బుకో తీసుకున్న అప్పు తీరేదాకా మగవాళ్లు, ఒక్కోసారి పిల్లలు కూడా జీతంలో ఉండాల్సి వచ్చేది. ఆడవాళ్లు నాట్లకు, కలుపులకు, కోతలకు రోజు కూలికి వెళ్లేవారు. 1973 నాటి భూ సంస్కరణల చట్టం తర్వాత ప్రభుత్వం మిగులు భూములను, సర్కారు భూములను పేదలకు పంచింది. అలా ఎకరా, రెండెకరాలు చేతికి వచ్చిన దళిత కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కావు. అయితే వారికి దక్కినది ఎక్కువగా గుట్ట వాలు, రాళ్ల చెలక, నీరు నిలవని మొరం నేల. దున్నడానికి ఎడ్లు లేవు, వేయడానికి ఎరువు లేదు, విత్తనం కొనడానికి డబ్బు లేదు. పట్టా ఇంట్లో ఉన్నా భూమి పడావుగానే మిగిలింది. సొంత భూమి ఉన్న మనిషే పక్క రైతు పొలంలో కూలికి పోయే పరిస్థితి వచ్చింది.

రెండు రూపాయల బియ్యం తర్వాత

1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. ఆకలితో ఉన్న లక్షల ఇళ్లకు అది అన్నం పెట్టింది. దాని మేలును ఎవరూ కాదనలేరు. అయితే మెట్ట ప్రాంతాల్లో దాని ప్రభావం మరో వైపు కూడా పడింది. బియ్యం చవగ్గా దొరికేసరికి జొన్న, కొర్రలు కొనేవారు తగ్గారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీటి కింద పండిన వరి రేషన్ దుకాణం దాకా వచ్చింది. చెలకల్లో పండిన జొన్నకు అలాంటి కొనుగోలు కేంద్రం లేదు. జొన్న వేయడం గిట్టుబాటు కాక పడావు మరింత పెరిగింది.

జొన్న పోతే గింజ ఒక్కటే పోదు. దాని సొప్ప పశువులకు మేత. సొప్ప లేకపోతే ఎడ్లు, ఆవులు తగ్గుతాయి. పశువులు తగ్గితే పేడ ఎరువు తగ్గుతుంది. ఎరువు లేని చెలక మరుసటి ఏడాదికి ఇంకా బలహీనమవుతుంది. జొన్న చేలో కలిపి వేసే కంది, అనుము, బొబ్బర పోతే ఇంట్లో పప్పు పోతుంది. విత్తడం, కలుపు తీయడం, కోయడం ఆగిపోతే ఆడవాళ్లకు కూలి రోజులూ తగ్గుతాయి. రేషన్ బియ్యం కడుపులో ఒక భాగాన్నే నింపగలిగింది. ఒక పంట చుట్టూ అల్లుకుని ఉన్న మిగతా బతుకంతా జారిపోయింది.

డీడీఎస్ ఆవిర్భవించింది కూడా అదే 1983లో. దాన్ని మొదలుపెట్టిన మిత్రబృందంలో పి.వి. సతీష్ ముఖ్యులు. మైసూరులో పుట్టిన ఆయన దూరదర్శన్ నిర్మాత. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ ప్రసారాలు చేసిన సైట్ ప్రయోగంలో పనిచేశారు. జహీరాబాద్ పక్కనే ఉన్న పస్తాపూర్ సంస్థకు కేంద్రమైంది. తొలి రోజుల్లో మగవారి సంఘాలతోనే పని మొదలైంది. కొద్ది కాలానికే ఆడవాళ్లు తమకూ సంఘం కావాలని ముందుకొచ్చారు. ఇంటికి గింజ ఎక్కడి నుంచి వస్తుందో, ఏ నెలలో గింజలు అడుగంటుతాయో వారికి తెలిసినంతగా మగవారికి తెలియదు. 1980ల మధ్య నుంచి ఊరూరా ఏర్పడినవి మహిళా సంఘాలే. పగలంతా కూలి పనిలో ఉండే ఆడవాళ్లకు రాత్రి వంటలయ్యాకే తీరిక. అందుకే సంఘం సమావేశాలు రాత్రి పూట జరిగేవి. చిన్న మొత్తాల పొదుపు, అప్పులు, కూలి రేట్లు, తాగి కొట్టే మొగుళ్ల సంగతి, అన్నీ అక్కడే మాట్లాడుకునేవారు.

పడావు సాగులోకి

సంఘాలు మొదట పట్టుకున్నది పంచిన భూముల సమస్యనే. ఎండాకాలంలో కూలి పని దొరకని రోజుల్లో సంఘం ఆడవాళ్లు తమ తమ చెలకల్లోనే పనిచేశారు. రాళ్లు ఏరారు, గట్లు వేశారు, వాలుకు అడ్డంగా కట్టలు పోశారు, చెరువు మట్టిని, పశువుల ఎరువును తోలారు. ఆ పనికి సంస్థ ద్వారా కూలి దక్కింది. సొంత భూమిని బాగుచేసుకుంటూ కూలి పొందడం వారికి అదే మొదటిసారి. ఏ చెలక ముందు, ఏది తర్వాత, కట్ట ఎక్కడ పడాలి అనేది సంఘమే తేల్చింది. వాన నీరు ఏ వైపు నుంచి వచ్చి ఎక్కడ కోస్తుందో ఆ భూమిలో పశువులు కాసిన మనిషికి తెలిసినంతగా కొలతలు తీసే ఉద్యోగికి తెలియదు.

భూమి బొత్తిగా లేనివారి కోసం కౌలు దారి వెతికారు. పదిమంది, పదిహేనుమంది ఆడవాళ్లు కలిసి పెద్ద రైతుల భూమిని కౌలుకు తీసుకుని ఉమ్మడిగా సాగుచేశారు. పని పంచుకున్నారు, పంటనూ పంచుకున్నారు. కూలికి పిలిచే ఆసామి నుంచే దళిత ఆడవాళ్లు కౌలుకు భూమి అడగడం ఊళ్లలో చిన్న విషయం కాదు. షెడ్యూల్డ్ కులాల కార్పొరేషన్ భూమి కొనుగోలు పథకాన్ని వాడుకుని కొన్ని సంఘాలు భూమిని ఆడవాళ్ల పేరనే కొనిపించాయి.

ఊరి ఉమ్మడి బీళ్లను కూడా సంఘాలు వదల్లేదు. గుట్టల మీద, బంజరుల్లో వేప, కానుగ, తుమ్మ, సీతాఫలం వంటి చెట్లు నాటి కాపలా కాశాయి. ఇలా అడవులు పెంచిన వారిలో సంఘం సభ్యురాలు చిలుకపల్లి అనసూయమ్మ ముందు నిలిచారు.

ఊరి గింజ ఊరికే

చెలకలు సాగులోకి వచ్చాక మరో ప్రశ్న వచ్చింది. పండిన జొన్న ఏమవ్వాలి? మార్కెట్‌కు పోతే ధర లేదు. ఊళ్లో ఆకలి మాత్రం ఉంది. ఈ రెంటినీ కలిపి 1990ల మధ్యలో సంఘాలు సొంత ధాన్య వ్యవస్థను నిర్మించాయి. సామూహిక ధాన్య నిధి దాని పేరు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయం అందింది. 30కి పైగా ఊళ్లలో, రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమి దీని కింద సాగులోకి వచ్చింది.

ఇది నడిచిన పద్ధతి తెలుసుకోదగ్గది. పడావు భూమి ఉన్న కుటుంబానికి దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి విడతలుగా అప్పు ఇస్తారు. ఆ కుటుంబం అప్పును డబ్బు రూపంలో తీర్చనక్కరలేదు, కొన్నేళ్ల పాటు జొన్నల రూపంలో తీరుస్తుంది. ఆ జొన్నలు ఊరు దాటి పోవు, ఊళ్లోనే సంఘం గిడ్డంగిలో నిల్వ ఉంటాయి. పొలం పనిని చూడడానికి సంఘం ఆడవాళ్లతోనే ఒక కమిటీ ఉంటుంది. కొందరు సభ్యులు తలా కొన్ని ఎకరాల బాధ్యత తీసుకుని ఎరువు సరిగ్గా పడిందా, విత్తనం అదనులో పడిందా చూస్తారు.

ఆ ధాన్యం ఎవరికి ఇవ్వాలన్నది కూడా ఊరే తేల్చింది. జనమంతా ఒక చోట కూర్చుని నేల మీద ముగ్గుతో ఊరి పటం గీశారు. వీధులు, గుడి, బావి, ఒక్కో ఇల్లు అందులోకి వచ్చాయి. తర్వాత ఒక్కో ఇంటి గురించి మాట్లాడుకున్నారు. భూమి ఎంత, పనిచేసే చేతులెన్ని, తినే నోళ్లెన్ని, పిల్లలు జీతానికి ఉన్నారా, ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారా, మొగుడు వదిలేసిన ఆడమనిషి ఉందా అని చర్చించి ఇళ్లను తరగతులుగా విడదీశారు. అందరి ముందూ జరిగే లెక్క కాబట్టి ఉన్నవాడు లేనివాడినని చెప్పుకునే వీలు లేదు. ఊళ్లో కటిక పేదలుగా తేలిన కుటుంబాలకు గింజలు అడుగంటే నెలల్లో, ముఖ్యంగా వానాకాలంలో, తక్కువ ధరకు జొన్నలు ఇచ్చారు. వచ్చిన డబ్బు మళ్లీ నిధిలోకి చేరి కొత్త చెలకల సాగుకు ఖర్చయింది.

ప్రభుత్వ పంపిణీలో ధాన్యం దూరం నుంచి వస్తుంది, పేదల జాబితా కార్యాలయంలో తయారవుతుంది, కార్డుదారు చేయగలిగింది వరుసలో నిలబడడమే. జహీరాబాద్ పద్ధతిలో పండించింది, నిల్వ చేసింది, జాబితా రాసింది, పంచింది ఒకే ఊరి జనం. తరతరాలుగా ఇతరుల ఇంటి ముందు గింజ కోసం నిలబడిన దళిత ఆడవాళ్లు ఊళ్లోని అన్ని కులాల పేదలకూ గింజ కొలిచి ఇచ్చే స్థానానికి వచ్చారు. దీనివల్ల మారిన మర్యాదను ఏ పంట దిగుబడి లెక్కా చెప్పలేదు.

విత్తనపు బుట్ట

సాగు మళ్లీ మొదలయ్యాక విత్తనాల కొరత బయటపడింది. పడావు పడిన ఏళ్లలో చాలా పాత రకాలు ఇళ్ల నుంచి మాయమయ్యాయి. మిగిలిన గుప్పెడు గింజలను ముసలి ఆడవాళ్ల ఇళ్ల నుంచి, చుట్టాల ఊళ్ల నుంచి వెతికి తెచ్చారు. వాటిని పెంచి, పంచి, ఊరూరా విత్తన నిధులు ఏర్పరిచారు. తీసుకున్న రైతు పంట వచ్చాక అంతకు రెట్టింపు తిరిగి ఇవ్వడం ఆనవాయితీ. డబ్బు ప్రసక్తి లేదు.

విత్తనం దాచే పని ఆడవాళ్లదే. చేలో మంచి కంకులను నిలబడి ఉండగానే ఎంచి విడిగా కోస్తారు. ఎండబెట్టి, చెరిగి, పొల్లు తీసేస్తారు. ఈత బుట్టకు లోపల మట్టి, పేడ అలికి ఆరబెడతారు. గింజలకు బూడిద, ఎండిన వేపాకు కలిపి బుట్టలో నింపి, పైన గడ్డి పరిచి మట్టితో మూతి మెత్తుతారు. పురుగు చేరదు, తేమ చేరదు. విత్తే అదను వచ్చినప్పుడే ఆ మట్టి పగలగొడతారు. ఏ గింజకు బూడిద ఎక్కువ కావాలో, ఏది ఎన్ని రోజులు ఎండాలో కాగితం మీద ఎక్కడా లేదు. తల్లి నుంచి బిడ్డకు, అత్త నుంచి కోడలికి వచ్చిన తెలివి అది.

చెలకలో ఒకే పంట వేయడం ఇక్కడి సంఘాల పద్ధతి కాదు. ఎకరంలో పది నుంచి ఇరవై రకాల దాకా కలిపి విత్తుతారు. జొన్న పక్కన కంది, మధ్యలో పెసర, బొబ్బర, అంచున కుసుమ లేదా నువ్వు ఉంటాయి. పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది, కొర్ర తర్వాత వస్తుంది, జొన్న ఆ వెనక, కంది చివరన. ఒక వాన తప్పితే ఒక పంట పోతుంది గానీ చేను మొత్తం పోదు. పప్పు జాతి మొక్కలు నేలకు బలమిస్తాయి. చలికాలంలో ఎరువు, నీరు లేకుండా మంచుకే పండే పంటలను ఇక్కడివారు సత్యం పంటలంటారు. చేలో విత్తకుండానే మొలిచే ఆకుకూరలు పేదింటికి మరో ఆధారం. పొన్నగంటి, చెంచలి, దొగ్గలి, తుమ్మి వంటివి ఎనభైకి పైగా రకాలను సంఘాల సాయంతో గుర్తించి నమోదు చేశారు. రసాయన మందు చల్లిన చేలో ఇవి కలుపుగా చచ్చిపోతాయి. మందు చల్లని చేలో కూరగా కుండలోకి వస్తాయి.

పంటకు, పండుగకు ఇక్కడ దగ్గరి సంబంధం ఉంది. శూన్యం పండుగ నాడు పొట్టమీద ఉన్న పంటను గర్భిణిలా భావించి, ఇంట్లో వండినవి తీసుకెళ్లి, పాటలు పాడుతూ చేను చుట్టూ తిరుగుతారు. 1990ల చివరి నుంచి సంఘాలు ఏటా పాత పంటల జాతర జరుపుతున్నాయి. సంక్రాంతికి బయల్దేరే ఎడ్ల బండ్లను కుండల్లో నింపిన పదుల రకాల విత్తనాలతో అలంకరిస్తారు. డప్పులు, కోలాటాల మధ్య అవి దాదాపు నెల రోజుల పాటు ఊరూరా తిరుగుతాయి. ప్రతి ఊళ్లో రైతులు కూర్చుని వానలు, పంటలు, విత్తనాల గురించి చర్చిస్తారు. ఫిబ్రవరి నడిమికి జాతర ఝరాసంగం మండలం మాచునూరులో ముగుస్తుంది.

పిల్లల చదువు కూడా సంఘాల ఆలోచనలో భాగమే. చిన్నపిల్లలకు ఊళ్లలో బాలవాడీలు పెట్టారు. పశువుల వెంట, జీతాల్లో ఉన్న పిల్లల కోసం 1993లో మాచునూరులో పచ్చసాలె తెరిచారు. అక్కడ అక్షరాలతో పాటు సేద్యం, వడ్రంగం, కుండలు చేయడం, కుట్టుపని, మూలికా వైద్యం నేర్పారు.

కెమెరా, రేడియో

1990ల చివర్లో కొందరు సంఘం ఆడవాళ్లు వీడియో కెమెరా నేర్చుకున్నారు. చదువు రాని కూలి మనుషులు యంత్రం మీటలను గుర్తులతో జ్ఞాపకం పెట్టుకుని, చిత్రీకరణతో పాటు కూర్పు కూడా నేర్చుకున్నారు. సినిమావాళ్ల మాటలకు బదులు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసి తీసేది పటేల్ షాట్. కెమెరాను కళ్లకు సమానంగా పట్టి, ఎదుటి మనిషితో పాటు కూర్చుని తీసేది సంఘం షాట్. తమ వాళ్లను ఎప్పుడూ సంఘం షాట్‌లోనే చూపాలన్నది వారి నియమం. విత్తనాలు, పంటలు, పండుగలు, కూలి సమస్యల మీద వారు తీసిన చిత్రాలు దేశవిదేశాల్లో ప్రదర్శితమయ్యాయి. 2001లో ఈ పనికి సామూహిక మాధ్యమ ట్రస్టు ఏర్పడింది.

రేడియో ప్రయత్నం ఇంకా ముందే మొదలైంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ వెలుగులో, యునెస్కో సాయంతో 1998లో మాచునూరులో స్టూడియో సిద్ధమైంది. ప్రసారానికి మాత్రం అనుమతి లేదు. పదేళ్ల పాటు ఆడవాళ్లు కార్యక్రమాలు రికార్డు చేసి, టేపులను సంఘం సమావేశాల్లో వినిపించారు. 2000 జూలైలో సామూహిక రేడియో కోసం హైదరాబాద్, పస్తాపూర్‌లలో జరిగిన సదస్సు, అక్కడ వెలువడిన ప్రకటన దేశమంతటా ఈ కోరికకు ఊతమిచ్చాయి. మొదట విద్యాసంస్థలకే అనుమతిచ్చిన కేంద్రం 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచింది. 2008 అక్టోబరు 15న, ప్రపంచ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై గాలిలోకి వచ్చింది. 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ దాన్ని ప్రారంభించారు. పౌరసంస్థల చేతుల్లో నడిచే తొలి సామూహిక రేడియోల్లో ఇది ఒకటి.

జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు ఈ రేడియోకు ఆయువుపట్టు. చుట్టుపక్కల సుమారు 25 కిలోమీటర్ల మేర, సాయంత్రం పూట, పొలం నుంచి ఇళ్లకు చేరే వేళకు ప్రసారాలు సాగుతాయి. విత్తే అదనులు, పశువుల రోగాలు, నాటు వైద్యం, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు వినిపిస్తాయి. అన్నింటికీ జహీరాబాద్ యాసే భాష. పట్టణాల రేడియోలో తమ మాట ఎన్నడూ వినని జనం తమ ఊరి మనిషి గొంతులో తమ ఊరి సంగతులు విన్నారు.

విధానాల మీద ప్రశ్న

ఊళ్లో నిర్ణయాలు చేసే అలవాటు వచ్చిన జనం రాష్ట్ర, దేశ విధానాలనూ ప్రశ్నించారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన విజన్ 2020 పత్రం పెద్ద కమతాలు, యంత్రాలు, జన్యుమార్పిడి విత్తనాల మీద ఆశ పెట్టుకుంది. సేద్యం మీద బతికే జనం బాగా తగ్గాలని భావించింది. దీన్ని రైతులే విచారించేందుకు 2001 జూన్ చివర్లో జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో ప్రజాతీర్పు జరిగింది. రాష్ట్రంలోని వేర్వేరు జిల్లాల చిన్న, సన్నకారు రైతులు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీలవారు, ఉద్యమకారులు చెప్పింది విన్నారు. ఊరు తన తిండిని తాను పండించుకునే పద్ధతి కావాలని, నేలకు, విత్తనానికి స్థానిక అధికారం ఉండాలని, సేద్యం నుంచి జనాన్ని వెళ్లగొట్టే ఆలోచనను ఒప్పుకోబోమని తీర్పునిచ్చారు.

2002 మార్చిలో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. వరంగల్ జిల్లాలో ఆ పత్తి వేసిన రైతుల పొలాలకు సంఘం కెమెరా మహిళలు విత్తు నుంచి ఏరుడు దాకా పదేపదే వెళ్లి, రైతుల మాటల్లోనే వారి ఖర్చులు, నష్టాలు చిత్రించారు. పరిశోధకుల నివేదికలూ వెలువడ్డాయి. 2005లో తొలి బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగలేదు. ఆ తర్వాత వచ్చిన ఇతర బీటీ సంకరాలు మాత్రం రాష్ట్ర పత్తి విస్తీర్ణంలో చాలా భాగాన్ని ఆక్రమించాయి. సంఘాల అభ్యంతరం ఒకసారి నెగ్గినా, మార్కెట్ ప్రవాహాన్ని ఆపలేకపోయింది.

తిండి విధానంలో వారి ప్రయత్నం మరింత దూరం వెళ్లింది. చిరుధాన్యాల కోసం దేశవ్యాప్త వేదికను డీడీఎస్ ముందుండి నడిపింది. రేషన్‌లో, అంగన్‌వాడీల్లో, మధ్యాహ్న భోజనంలో చిరుధాన్యాలు ఉండాలని కోరింది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు చిరుధాన్యాలను కిలో రూపాయికి ఇచ్చే వీలు కల్పించింది. 2018ని భారత ప్రభుత్వం చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జహీరాబాద్‌లో సంఘాలు సొంత అంగడి తెరిచి రసాయనాలు వాడని ధాన్యాలను అమ్మాయి. చిరుధాన్యాల వంటకాలతో హోటలూ నడిపాయి. పక్క రైతులే ఒకరి పొలాన్ని ఒకరు పరీక్షించి సేంద్రియమని హామీ ఇచ్చే పద్ధతికి కూడా ఈ సంఘాలు దేశంలో తొలి ఉదాహరణల్లో ఒకటి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం డీడీఎస్‌కు దక్కింది.

మిగతా ప్రయత్నాల నడుమ

1952 అక్టోబరు 2న మొదలైన సామూహిక అభివృద్ధి పథకం దేశ పల్లెలకు బ్లాకు కార్యాలయాలను, గ్రామసేవకులను తెచ్చింది. ప్రజల భాగస్వామ్యం దాని ఆశయం. అయితే నిర్ణయాలు పైనుంచి వచ్చాయని, జనం చొరవ తగినంత కూడగట్టలేదని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చింది. 1980లలో డ్వాక్రా గుంపులు వచ్చాయి. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఈ గుంపులు ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించాయి. 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం పథకాలతో పొదుపు సంఘాలు లక్షల సంఖ్యకు చేరాయి. వాటికి కేంద్రం పొదుపు, బ్యాంకు రుణం. జహీరాబాద్ సంఘాల్లోనూ పొదుపు ఉన్నా, నేల, తిండి, విత్తనం వాటికి కేంద్రం. విస్తృతిలో రాష్ట్ర పొదుపు సంఘాలతో ఇవి పోల్చదగినవి కావు. లోతులో మాత్రం వీటికి సాటి వచ్చేవి చాలా తక్కువ.

పరిమితులూ ఉన్నాయి. సభ్యుల భూములు ఆ ప్రాంతం సాగు భూమిలో చిన్న భాగమే. పక్క పొలాల్లో చెరకు, పత్తి, రసాయన సేద్యం సాగుతూనే ఉన్నాయి. తర్వాతి తరం హైదరాబాద్‌లో ఉద్యోగాల వైపు చూస్తోంది. బయటి నుంచి వచ్చే విరాళాల మీద సంస్థ కొంతవరకు ఆధారపడింది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలం కోసం పన్నెండు వేలకు పైగా ఎకరాలు సేకరించే పని చేపట్టడంతో చెలక మీద హక్కు మళ్లీ ప్రశ్నార్థకమైంది. పంచిన భూములకు, పట్టా భూములకు పరిహారంలో తేడా పేదల మీద ఎక్కువ భారం మోపింది.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ సంఘాల ఆడవాళ్లు తమ ఇళ్లలో నిల్వ ఉన్న చిరుధాన్యాలను ఇతర పేద కుటుంబాలకు దానంగా పంచారు. రవాణా ఆగి, మార్కెట్లు మూతపడిన ఆ రోజుల్లో ఊళ్లో గింజ ఉండడం ఎంత పెద్ద భద్రతో తేలిపోయింది. 2023 మార్చి 19న సతీష్ కన్నుమూశారు. చిరుధాన్యాలకు ప్రపంచ గుర్తింపు వచ్చిన ఏడాదే ఆయన వెళ్లిపోయారు. ఆ తర్వాత కూడా జాతర సాగింది, రేడియో పలికింది, విత్తనాల ఇచ్చిపుచ్చుకోలు ఆగలేదు. మనిషి పోయినా పని నిలవడమే సంఘాలు సొంత కాళ్ల మీద నిలబడ్డాయనడానికి నిదర్శనం.

ఈ చరిత్రలో గ్రామీణాభివృద్ధికి పనికొచ్చే పాఠం స్పష్టం. భూమి పంచితే సరిపోలేదు, దాన్ని దున్నే దారి కావాల్సి వచ్చింది. పంట పండితే సరిపోలేదు, గింజ మీద అధికారం కావాల్సి వచ్చింది. గింజ నిలవాలంటే విత్తనం, విత్తనం నిలవాలంటే దాన్ని కాపాడే తెలివికి గౌరవం, ఆ గౌరవం దక్కాలంటే తమ మాట తామే వినిపించే సాధనం కావాల్సి వచ్చింది. ఒక్కో మెట్టు దగ్గర తర్వాతి మెట్టు ఏదో గుర్తించింది ఆ చెలకల్లో పనిచేసిన ఆడవాళ్లే. ప్రభుత్వం, సంస్థలు, పరిశోధకులు తోడు నిలిచిన చోట పని వేగంగా సాగింది. నిర్ణయం వారి చేతుల్లో ఉన్న చోటే అది నిలిచింది.